కోయిటలో మనవాళ్లు, ఎర్రగుంట్లలో పరాయివాళ్లు

ఆరేళ్లలో మూడుసార్లు కువైట్ ప్రభుత్వం కాగితాలు లేని పరదేశి కార్మికులకు క్షమాభిక్ష ప్రకటించింది. 2018లో జనవరి 29న ఇచ్చిన గడువు పొడిగిస్తూ పోయి ఏప్రిల్ 22న ముగించారు. 2020లో ఏప్రిల్ నెల ఇచ్చారు. 2024లో మార్చి 17 నుంచి జూన్ 30 దాకా ఇచ్చారు. జరిమానా లేకుండా, జైలు లేకుండా సొంత దేశానికి పోవచ్చన్నారు. రాయచోటి, రాజంపేట, కోడూరు వైపు ఇంటికొకరు కోయిటలో, అంటే కువైట్‌లో, ఉంటారన్న మాట ఎప్పటినుంచో ఉంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నుంచి పోయినవాళ్లూ తక్కువేం కాదు. యజమాని ఇంటినుంచి బయటపడి, అకామా (నివాస అనుమతి) పోగొట్టుకుని, చాటుమాటుగా పనులు చేసుకునే మనిషిని అక్కడ ‘ఖల్లివల్లి’ అంటారు. అలాంటి కొడుకో చెల్లెలో ఈసారైనా ఇల్లు చేరుతుందని కాచుకున్న కుటుంబాలు ఈ మూడు ఊళ్ల చుట్టూ ఉన్నాయి. ఆ మనిషిని మనం దొంగ అనం. ‘పాపం, ఏజెంటు మోసం చేసినాడు’ అంటాం.

అదే మనం ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ గేటు ముందో, నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీ దగ్గరో ఒడిశా, బీహార్ కుర్రాళ్లు పదిమంది గుంపుగా కనబడితే ఇంకో మాట మాట్లాడతాం. ‘ఎవురో, యాన్నుంచి వచ్చినారో’, ‘ఆధార్ చూసినారా’, ‘వీళ్లొచ్చే మన పిల్లోళ్లకు పనుల్లేకుండా పాయె’. ఈ రెండు మాటలూ ఒకే నోటినుంచి, కొన్నిసార్లు ఒకే పూటలో వస్తాయి. కొడుకు కోయిటలో ఖల్లివల్లి అయిన తండ్రి కూడా రెండో మాట అనగలడు.

ముందు ఇక్కడి పని సంగతి చూద్దాం. ప్రొద్దుటూరు వ్యాపారం ఊరు. బంగారం, బట్టలు, నూనె మిల్లులు. కేసీ కాలువ కింద వరి. డబ్బు తిరిగే ఊరే, కానీ అంగళ్లలో గుమాస్తా పని ఎందరికి దొరుకుతుంది? దొరికినా ఆ జీతంతో ఇల్లు గడవదు. జమ్మలమడుగు వైపు నల్లరేగడి భూములు. తేమ మీద శనగ చల్లితే ఒకటే పంట, దాని కోతకూ ఇప్పుడు యంత్రాలు వచ్చాయి. మోరగుడి లాంటి చేనేత ఊళ్లలో మగ్గం గుంత పూడ్చి బేల్దారి పనికి పోయినవాళ్లు ఎందరో. గండికోట జలాశయం నిండినప్పుడు తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు 2020లో మునిగాయి. పరిహారం డబ్బు కొందరికి ఇల్లయింది, కొందరికి పాత అప్పు తీర్చింది, చేతికింద పొలం మాత్రం పోయింది. పులివెందులలో చీనీ, అరటి తోటలున్నాయి, డ్రిప్పులున్నాయి, చిత్రావతి నీళ్లు వచ్చాయి. అంతకుముందు బోర్లు ఎండి చీనీ చెట్లు నరికి పొయ్యిలో పెట్టుకున్న కాలమూ ఉంది. బోరు వేయడానికి తెచ్చిన అప్పు నూటికి రెండు మూడు రూపాయల వడ్డీతో నడుస్తుంటే కోయిట గుర్తుకొస్తుంది.

ప్రభుత్వ లెక్కల్లో ఈ నిరుద్యోగం కంటికి కనబడినంత ఉండదు. కారణం లెక్క పద్ధతిలోనే ఉంది. జాతీయ శ్రామిక సర్వేలో అందరూ ఎత్తిచూపే అంకె ప్రకారం, ఏడాదిలో 30 రోజులు ఏదో ఒక పని చేసినా ఆ మనిషి పని ఉన్నవాడి కిందికే వస్తాడు. శనగ కళ్లంలో పది రోజులు, ఉపాధి హామీ గుంతల దగ్గర ఇరవై రోజులు పని చేసిన డిగ్రీ కుర్రాడు నిరుద్యోగి కాడు. అతన్ని అడిగి చూడండి, ఏమంటాడో.

ఉక్కు ఫ్యాక్టరీ కథ తెలియనివాళ్లు కడప జిల్లాలో లేరు. 2007 జూన్ 10న వై.ఎస్. రాజశేఖరరెడ్డి జమ్మలమడుగు దగ్గర బ్రహ్మణి స్టీల్స్‌కు శంకుస్థాపన చేశారు. అది ఆగింది. 2014 రాష్ట్ర విభజన చట్టం 13వ షెడ్యూల్‌లో కడప జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టగలరో లేదో సెయిల్ ఆరు నెలల్లో తేల్చాలని రాశారు. 2018 డిసెంబర్ 27న చంద్రబాబునాయుడు కంబాలదిన్నె దగ్గర ఒక రాయి వేశారు. 2019 డిసెంబర్ 23న జగన్‌మోహన్‌రెడ్డి సున్నపురాళ్లపల్లె దగ్గర ఇంకో రాయి వేశారు. 2023 ఫిబ్రవరి 15న జేఎస్‌డబ్ల్యూ వచ్చిందని ఆయనే మళ్లీ భూమిపూజ చేశారు. మొదటి రాయి వేసిన నాడు ఇంటర్ చదివే పిల్లవాడికి ఇప్పుడు ముప్పై అయిదు దగ్గర పడ్డాయి. వాడి ఉద్యోగం బీహారీ వచ్చి కాజేశాడనడం ఎట్లా కుదురుతుంది? అసలు ఆ ఉద్యోగమే పుట్టలేదు కదా.

ఇక కోయిట. అక్కడి వీసాల్లో మనవాళ్లకు బాగా తెలిసినవి రెండు. 18 నంబరు వీసా, షూన్ అంటారు, కంపెనీ పనులకు. 20 నంబరు, ఖాదిం అంటారు, ఇంటి పనులకు. డ్రైవరు, వంటమనిషి, తోటపని, ఖద్దామా (పనిమనిషి) అన్నీ ఇందులోవే. ఏ వీసా అయినా అక్కడ ఉండే హక్కు వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్ చేతిలో ఉంటుంది. జీతం ఇవ్వకపోయినా, కొట్టినా, అర్ధరాత్రి దాకా పని చేయించినా, ఆ ఇంటి గడప దాటిన మనిషి మీద కఫీల్ ‘పారిపోయింది’ అని రాయిస్తే అకామా పోతుంది. పాస్‌పోర్ట్ ఎట్లాగూ ఆయన బీరువాలోనే ఉంటుంది. తర్వాత హసావీలోనో అబ్బాసియాలోనో పదిమంది పడుకునే గదిలో చేరి, దినకూలికి పోతూ, పోలీసు తనిఖీ వస్తే సందుల్లోకి జారుకుంటూ బతకాలి. గడువు మీరిన ప్రతి రోజుకూ 2 దినార్ల లెక్కన జరిమానా పెరుగుతూ పోయి 600 దినార్ల దగ్గర ఆగేది. అంత డబ్బు కట్టలేక ఆగిపోయినవాళ్లే మరో క్షమాభిక్ష కోసం ఏళ్లు కాచుకునేవాళ్లు.

కువైట్‌లో చట్టం లేదని కాదు. 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటి పనివాళ్లకు వారానికో రోజు సెలవు ఇమ్మంది, పని 12 గంటలు దాటకూడదంది, యజమాని పాస్‌పోర్ట్ దాచుకోకూడదంది. 2016లో కనీస జీతం 60 దినార్లని పెట్టారు. నాలుగు గోడల మధ్య ఆ చట్టం ఎవరు అడగాలి? అడగడానికి ఇల్లు దాటాలి, దాటితే అకామా పోతుంది.

ఇంకో రకం ఆజాద్ వీసా. కఫీల్ తన పేరు మీద వీసా తీసి అమ్ముకుంటాడు. కొన్నవాడు కువైట్‌లో దిగి తనకు దొరికిన చోట పని చేసుకుంటాడు, ఏటా కఫీల్‌కు కొంత ముట్టజెబుతాడు. అక్కడి చట్టం ప్రకారం ఇది కూడదు. కానీ ఊళ్లో దాన్ని మంచి వీసా అంటారు, ఎక్కువ ధర పెట్టి కొంటారు. అంటే విమానం ఎక్కే రోజునే ఆ మనిషి సగం ఖల్లివల్లి. ఈ బేరం ఎంత పెద్దదో 2020లో బయటపడింది. బంగ్లాదేశ్ పార్లమెంటు సభ్యుడు ఒకాయన్ను వీసాల వ్యాపారం కేసులో కువైట్‌లో అరెస్టు చేశారు, మరుసటి ఏడు శిక్ష కూడా పడింది. అమ్మేవాళ్లలో అక్కడి పెద్దలూ ఇక్కడి పెద్దలూ ఉంటారు. పట్టుబడి బండెక్కేది మాత్రం కొన్నవాడే.

మన వైపు చట్టం 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం. దాని నిబంధనల ప్రకారం ఏజెంటు తీసుకోవాల్సిన రుసుము 30 వేల రూపాయలు, పైన జీఎస్టీ. ఊళ్లో సబ్ ఏజెంటు లక్షల్లో అడుగుతాడు, ఎవరూ రసీదు అడగరు. ఆడవాళ్ల విషయంలో నిబంధనలు ఇంకా గట్టివి. పది చదవని స్త్రీ ఇంటిపనికి గల్ఫ్ పోవాలంటే 30 ఏళ్లు నిండాలి. 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలి, మనకైతే ఓంకాప్. 2014లో కువైట్ యజమాని ఒక్కో ఖద్దామాకు 2,500 డాలర్ల బ్యాంకు హామీ కట్టాలన్నారు, 2017లో ఎత్తేశారు. ఇవన్నీ ఆడవాళ్లను కాపాడాలనే పెట్టినవి. కానీ అప్పు ఆగదు, పిల్లల ఫీజు ఆగదు. సర్కారు దారి ఇరుకైతే ఏజెంటు పక్కదారి చూపిస్తాడు. విజిట్ వీసా మీద దుబాయ్‌కో మస్కట్‌కో పంపి, అక్కణ్ణుంచి దాటిస్తాడు. అట్లా పోయిన మనిషి పేరు మన ప్రభుత్వ రికార్డులో ఉండదు, బీమా ఉండదు, కష్టం వస్తే రాయబార కార్యాలయం దగ్గర ఒప్పంద పత్రం ఉండదు. కాపాడాలని కట్టిన కంచె ఆమెను కాగితం లేని మనిషిగా మార్చింది. నా ఉద్దేశంలో మన గల్ఫ్ విధానంలో అన్నిటికంటే పెద్ద లోపం ఇదే.

బేరం ఆడితే ఏమవుతుందో ఫిలిప్పీన్స్ చూపించింది. 2018లో తమ పనిమనిషి ఒకరు కువైట్‌లో హత్యకు గురైనట్టు తేలాక ఆ దేశం కార్మికులను పంపడం ఆపేసింది. మూడు నెలల్లో ఒప్పందం కుదిరింది. పాస్‌పోర్టులు రాయబార కార్యాలయంలో ఉంచాలని, పనివాళ్ల దగ్గర ఫోన్ ఉండనివ్వాలని అందులో రాయించుకున్నారు. మనం ఇంటి పనివాళ్ల మీద కువైట్‌తో అవగాహన పత్రం 2021 జూన్‌లో రాసుకున్నాం. అప్పటికే 2020 క్షమాభిక్ష అయిపోయింది. ఆ ఏప్రిల్‌లో పేరు నమోదు చేయించుకున్న మన ఖల్లివల్లి కార్మికులను శిబిరాల్లో పెట్టారు, టికెట్టు తామే ఇస్తామని కువైట్ చెప్పింది. ఇక్కడ లాక్‌డౌన్, విమానాలు లేవు. పోవడానికి ఆ దేశం ఒప్పుకుంది, రావడానికి సొంత దేశం తలుపు తీయలేదు. వారాల తరబడి ఎండలో కాచుకున్నారు.

కువైట్ ప్రజలు మనవాళ్లను ఎట్లా చూస్తారన్నదీ తెలుసుకోవాలి. దాదాపు 50 లక్షల జనాభాలో సొంత పౌరులు 15 లక్షలకు అటూఇటూ. భారతీయులే పది లక్షల దాకా ఉన్నారు. తమ దేశంలో తామే మైనారిటీ అయ్యామన్న బెంగ అక్కడ ఎన్నికల మాటగా ఉండేది. 2020 జూలైలో భారతీయులు జనాభాలో 15 శాతం దాటకూడదన్న బిల్లు ముసాయిదా రాజ్యాంగబద్ధమేనని అక్కడి పార్లమెంటు కమిటీ ఒకటి తేల్చింది. అమలైతే ఎనిమిది లక్షలమంది వెనక్కి రావాలని పత్రికలు రాశాయి. కడప జిల్లాలో గుండెలు జారాయి. ఆ బిల్లు ముందుకు సాగలేదు. 1961 దాకా కువైట్‌లో చెలామణి అయింది మన రూపాయే. అప్పుడు పరదేశి ఎవరు, స్వదేశి ఎవరు అని అడిగితే ఎవరికీ అర్థమయ్యేది కాదేమో.

పరాయి కూలీ మీద కోపం ఎట్లా పుడుతుందో తెలుగువాళ్లకు అంతకుముందే అనుభవం. రంగూన్ ఓడరేవులో బరువులు మోసింది ఉత్తర కోస్తా నుంచి పోయిన తెలుగు కూలీలు. వాళ్లను అక్కడ కోరంగీలు అనేవాళ్లు. 1930 మే నెలలో కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీల తరఫువాళ్లు బర్మా కూలీలను పనిలోకి దించారు. సమ్మె పరిష్కారమయ్యాక బర్మావాళ్లను పొమ్మన్నారు. మాకు అన్నం పెట్టినట్టే పెట్టి విస్తరి లాక్కున్నారని వాళ్ల కోపం. అది కంపెనీ మీదికి పోలేదు, తెలుగు కూలీల మీదికి పోయింది. వందమందికి పైగా చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. ఇద్దరు కూలీలను ఒకరిమీదికి ఒకరిని తోలింది ఎవరన్నది ఆ గొడవలో అడిగినవాడు లేడు.

ఇప్పుడు మన గేటు ముందుకు వద్దాం. ఎర్రగుంట్ల, చిలంకూరు, నవాబుపేట, నల్లలింగాయపల్లె సిమెంటు ఫ్యాక్టరీలు, ఆర్టీపీపీ థర్మల్ కేంద్రం, తుమ్మలపల్లె యురేనియం గని. పర్మినెంటు ఉద్యోగాలు కొద్ది. మిగతా పనంతా కాంట్రాక్టు. ఆ కాంట్రాక్టులు మాత్రం స్థానికులవే. లారీలు స్థానికులవి, బూడిద రవాణా స్థానికులది. 2024 నవంబర్‌లో ఆర్టీపీపీ బూడిద కోసం రెండు జిల్లాల నాయకుల వర్గాలు లారీలు ఆపుకునే దాకా పోయిన సంగతి అందరూ చూశారు. గుత్తకు పోటీ అంత ఉన్నచోట బస్తా మోసే పనికి కూలీని ఒడిశా నుంచి తెచ్చేది ఎవరు? చాలా సందర్భాల్లో ఆ స్థానిక కాంట్రాక్టరే. ఊరి కుర్రాడైతే పండగకు సెలవు పెడతాడు, దెబ్బ తగిలితే పెద్దమనిషిని వెంటబెట్టుకుని వస్తాడు. ఈ వర్గాల సీమలో ఆ కుర్రాడి వెనక ఏ నాయకుడున్నాడో అన్న భయం ఒకటి. బయటివాడికి ఇక్కడ ఓటు లేదు, నాయకుడు లేడు, చుట్టం లేడు. పన్నెండు గంటలు చేస్తాడు, రేకుల షెడ్డులో పడుకుంటాడు, మేస్త్రీ కోసుకోగా మిగిలింది తీసుకుంటాడు. కోయిటలో కఫీల్‌కు మనవాడిలో నచ్చిందీ ఇదే గుణం.

ఆర్థికవేత్తలు ఈ ప్రశ్న మీద నలభై ఏళ్లుగా తగవులాడుతున్నారు. 1980లో క్యూబా నుంచి లక్షా పాతికవేల మంది కొద్ది నెలల్లో మయామీలో దిగారు. అక్కడి కూలి రేట్లు పెద్దగా పడలేదని డేవిడ్ కార్డ్ 1990లో చూపించాడు. బాగా తక్కువ చదివినవాళ్ల కూలి పడిందని జార్జ్ బోర్హాస్ తర్వాత వాదించాడు. నాకు కార్డ్ వాదనే బలంగా కనిపిస్తుంది, అయినా బోర్హాస్ మాటలో మనకు పనికొచ్చే ముక్క ఒకటి ఉంది. దెబ్బ తగిలితే అట్టడుగున ఉన్నవాడికి తగులుతుంది. నాపరాయి పాలిష్ పనికి పోయే మన దళిత, చేనేత కుటుంబాల భయం వట్టిది కాదు. పై చదువుల కుర్రాడి కోపానికి మాత్రం అంత ఆధారం లేదు, అతను ఆ బస్తా మోయడానికి పోడు.

ఈ కోపానికి జవాబుగా 2019 జూలైలో రాష్ట్రం ఒక చట్టం చేసింది. ఫ్యాక్టరీల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే. వినడానికి బాగుంది. ఫ్యాక్టరీల చట్టం మొదటి షెడ్యూల్‌లోని ప్రమాదకర పరిశ్రమలకు ప్రభుత్వం చూసి మినహాయింపు ఇవ్వవచ్చని అందులోనే రాశారు. ఆ షెడ్యూల్‌లో సిమెంటు ఉంది. అంటే ఎర్రగుంట్ల వైపు పెద్ద ఫ్యాక్టరీలకు తప్పించుకునే తలుపు చట్టంలోనే తెరిచి ఉంది. ఇలాంటిదే హర్యానా చేసిన చట్టాన్ని పంజాబ్, హర్యానా హైకోర్టు 2023 నవంబర్‌లో రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. పొరుగు రాష్ట్రాలన్నీ అదే పని చేస్తే బెంగళూరు బేల్దారి పనుల్లో, చెన్నై హోటళ్లలో ఉన్న మన సీమ జనం ఎక్కడికి పోవాలి?

బయటి కూలీల లెక్క ఉంచడానికి 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఉండేది. అయిదుగురు, అంతకు మించి ఉంటే నమోదు చేయించాలంది. చేయించినవాళ్లు తక్కువ. అందుకే 2020 లాక్‌డౌన్‌లో కోటికి పైగా మనుషులు ఇళ్లకు నడిచీ, లారీలెక్కీ పోయినప్పుడు వాళ్లెవరో ప్రభుత్వానికి తెలియదు. చనిపోయినవాళ్ల లెక్క తమ దగ్గర లేదని ఆ సెప్టెంబర్‌లో కేంద్రం పార్లమెంటుకే చెప్పింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతి ఆ పరిమితిని అయిదు నుంచి పదికి పెంచింది. సొంతంగా వచ్చినవాడినీ వలస కార్మికుడిగా ఒప్పుకోవడం అందులో మంచి మాట. తొమ్మిదిమందితో నడిచే పాలిష్ షెడ్డు మాత్రం లెక్కలోకి రాదు.

లెక్కలో లేని మనిషి మీద ఏ అనుమానమైనా అంటుకుంటుంది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో ఎర్రచందనం నరకడానికి వచ్చారని 20 మంది తమిళ కూలీలను కాల్చి చంపారు. చాలామంది తిరువణ్ణామలై, ధర్మపురి వైపు కొండ పల్లెల పేదలు. దుంగలు కొని ఓడలెక్కించేవాడి పేరు అడగడం కంటే, వాళ్లకు అట్లా కావాల్సిందే అన్న మాటే మన దగ్గర ఎక్కువ వినబడింది. 2025లో చాలా రాష్ట్రాల్లో బెంగాలీ మాట్లాడే కూలీలను బంగ్లాదేశీలని పట్టుకుని రోజుల తరబడి నిర్బంధించారు, వాళ్లలో పశ్చిమ బెంగాల్ పౌరులు ఎందరో. దేశంలో ఏ పెద్ద నగల బజారుకైనా బెంగాలీ పనివాళ్ల చేయి కావాలి. బంగారానికి పేరుపడిన ప్రొద్దుటూరులో ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

మనకు జాలి లేదా అంటే ఉంది, మనిషిని బట్టి ఉంది. 2019లో అమెరికా అధికారులే పెట్టిన ఉత్తుత్తి ఫార్మింగ్టన్ యూనివర్సిటీలో చేరి 130 మంది విద్యార్థులు పట్టుబడ్డారు. 129 మంది భారతీయులు, ఎక్కువమంది తెలుగువాళ్లు. చేర్పించిన నేరం మీద కేసు పెట్టిన ఎనిమిదిమందీ తెలుగు మూలాలవాళ్లే. పిల్లలు అమాయకులు, వలేసి పట్టారని మన పత్రికలు, నాయకులు అన్నారు. అందులో నిజం ఉంది. ఆ నిజం ఖద్దామాకూ, తమిళ కూలీకీ, ఒడిశా కుర్రాడికీ వర్తిస్తుంది. కాగితం లేకపోవడం ఎప్పుడూ ఆ మనిషి ఒక్కడి పని కాదు. కాగితం చేతిలో పెట్టుకున్నవాడు, అమ్ముకున్నవాడు, నమోదు చేయకుండా పని చేయించుకున్నవాడు వేరే ఉంటారు. చట్టం, జనం కోపం రెండూ ముందు వాళ్ల గేటుకు పోవాలి. ఎర్రగుంట్లలో కార్మిక శాఖ చేయాల్సిన మొదటి పని చిన్నదే. ప్రతి కాంట్రాక్టరు దగ్గర పనిచేసే ఊరివాళ్ల, బయటివాళ్ల పేర్లు, రోజు కూలి రాసిన జాబితా ఫ్యాక్టరీ గేటుకు అతికించాలి. ఒకే పనికి ఇద్దరికీ ఒకే కూలి అయితే బయటినుంచి మనుషుల్ని తోలుకొచ్చే లాభం కాంట్రాక్టరుకు ఉండదు.

ఇది చదివేవాళ్ల ఇంట్లో ఎవరికైనా కోయిట ప్రయాణం మాట నడుస్తుంటే ఏజెంటు లైసెన్స్ నంబరు అడిగి ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకు 275 రూపాయలే, పది లక్షల రక్షణ ఉంది, కట్టించుకోండి. పనికి పోతున్నామని చెప్పి చేతిలో విజిట్ వీసా పెడితే డబ్బు ఇవ్వకండి.